ఆవుకు ఊరుంది, అబ్బోడికి లేదు

పుంగనూరు ఆవుది మహర్జాతకం. నిలబడితే మూడడుగులు ఉండదు గానీ, 2024 సంక్రాంతికి ఏకంగా ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంట్లో నిలబడి ఆయన చేతి మేత తిన్నది. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఆ వాకిట్లో దాన్ని ఎవరూ ఆపి, "గడిచిన నాలుగేండ్లూ ఏ మండలంలో మేసినావు? వరసగా మేసినావా, మధ్యలో గ్యాపుందా? గ్యాపుంటే ఎమ్మార్వో సంతకం ఏది?" అని అడగలేదు. పుంగనూరు ఆవు ఢిల్లీలో ఈనినా పుట్టేది పుంగనూరు దూడే. చెవికి పసుపు బిళ్ల, బిళ్ల మీద పన్నెండంకెలు. దాని సంగతి అక్కడితో ఖాయం.

అదే మన పిల్లోడు బెంగుళూరులో నాలుగేండ్లు చదివొస్తే, వాడు ఏ ఊరివాడో తేల్చడానికి రాజ్యాంగం, రాష్ట్రపతి ఉత్తర్వు, ఎమ్మార్వో ఆఫీసు, జిరాక్సు అంగడి, నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాల.

అడ్మిషన్ల కాలంలో మా తమ్ముడి కూతురి సర్టిఫికెట్లు చూపించడానికి ఒక పరిశీలన కేంద్రానికి పోయినాను. ఏ ఊరని అడగొద్దు, అన్ని ఊర్లలోనూ అదే ఫ్యాను, అదే చప్పుడు. మా ముందు ఒక తల్లీ కొడుకూ. ఆమె కుప్పం పక్కన గుడుపల్లె మండలం మనిషి. మొగుడు వైట్‌ఫీల్డ్ దగ్గర సెంటరింగ్ పని, ఆమె అదే బిల్డింగుకు ఇటుకలు మోసేది. కొడుకు ఏడో తరగతి దాకా అవ్వ దగ్గర ఉండి ఊరి బళ్లో చదివినాడు. అవ్వ పోయినాక చూసేవాళ్లు లేక వెంట తీసుకుపోయినారు. ఎనిమిది నుంచి పీయూసీ దాకా ఐదేండ్లు బెంగుళూరు. ఈఏపీసెట్ రాసినాడు, ర్యాంకు వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, కవరుకు రెండు రబ్బరు బ్యాండ్లు.

"స్టడీ సర్టిఫికెట్లు?"

తీసిచ్చింది. ఏడు తెలుగులో, ఐదు కన్నడంలో. గుమాస్తా కన్నడం కాగితాలను తిరగేసి చూసి, మళ్లీ తిన్నగా పెట్టినాడు.

"నాన్‌లోకల్ అమ్మా."

"లోకలే సార్. కుప్పం కాడ గుడుపల్లె."

"ఊరు లోకలే. పిల్లోడు నాన్‌లోకల్."

"నేను?"

"నువ్వు లోకలే."

"వాళ్ల నాయన?"

"ఆయనా లోకలే."

"మా ఇద్దరికీ పుట్టినోడు ఎట్ల సార్ నాన్‌లోకల్ అయితాడు?"

ఆ ప్రశ్నకు ఆయన ఫారంలో కాలమ్ లేదు.

గుమాస్తాను ఏమనగలం? ఆయన నోట పలికింది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 1969లో తెలంగాణ, 1972లో జై ఆంధ్ర రగిలినాక రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చి, వెనకబడిన ప్రాంతం బిడ్డ సీటును బలిసిన ప్రాంతం బిడ్డ తన్నుకుపోకుండా వేసిన కంచె అది. నూటికి 85 సీట్లు లోకల్‌కు. మనకైతే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఆ కంచెను పీకమని సీమలో పుట్టినోడు ఎవడూ అనడు, నేనూ అనను. కానీ దానికి పెట్టిన గేటు చూడండి. ఇంటర్ పరీక్ష రాసే ఏడుతో ముగిసేటట్టు వరసగా నాలుగేండ్లు ఇక్కడే చదివుండాల. అంటే, బోరులో నీళ్లుండి నాయన ఊళ్లోనే నిలబడగలిగిన పిల్లోడు లోకల్. వెయ్యడుగులు తవ్వినా దుమ్మే లేచి, తట్టాబుట్టా సర్దుకుని రైలెక్కిన ఇంటి పిల్లోడు నాన్‌లోకల్. కరువు సీమ బిడ్డ కోసం కట్టిన కంచె, కరువు తరిమిన బిడ్డనే బయట పెట్టి గొళ్లెం వేసుకుంది. మిగిలిన 15 సీట్లలో పోటీ పడొచ్చు, కాదనలేదు. దానికి తల్లో తండ్రో రాష్ట్రంలో పదేండ్లు కాపురమున్నట్టు ఇంకో కాగితం తేవాల.

పోనీ, బెంగుళూరులోనే చేర్పిద్దామా అంటే అక్కడి సెట్ అడిగే లెక్క ఏడేండ్లు. మనవాడికి ఉండేది ఐదు. ఆంధ్రలో ఏడు చదివినాడు, వాళ్లకు కావాల్సింది చివరి నాలుగు. కర్ణాటకలో ఐదు చదివినాడు, వాళ్లకు కావాల్సింది ఏడు. ఏడూ ఐదూ కలిపితే పన్నెండని బడిలో చెప్తారు. కౌంటరు దగ్గర కలిపితే సున్నా వస్తుంది. పన్నెండేండ్లు పలక వదలకుండా చదివినోడు రెండు రాష్ట్రాల్లోనూ చదవనోడి కింద జమ.

మదనపల్లె చుట్టుపక్కల తండాల నుంచి పోయిన సుగాలి బిడ్డదైతే ఇంకొక మెట్టు పైన. ఇక్కడ సుగాలీలు ఎస్టీలు. ఎల్ల దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే లంబాణీలు ఎస్సీల జాబితాలో ఉంటారు. రెండు చోట్లా రిజర్వేషన్ ఉంది కదా, ఏదో ఒకటి దక్కుతుందని సంబరపడొద్దు. తెనాలిలో పుట్టి తొమ్మిదేండ్లకు బొంబాయి పోయిన ఒక కుర్రాడు అక్కడ మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే, 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: పుట్టిన రాష్ట్రంలో ఉన్న హోదా వలసపోయిన రాష్ట్రానికి రాదు. కులం మాత్రం రైలెక్కి వెంట వస్తుంది. దాని సర్టిఫికెట్ ప్లాట్‌ఫారం మీదనే దిగిపోతుంది.

ఓటుకు ఈ బాధ లేదు. ఎన్నికలొస్తే గుడుపల్లె వాళ్లు ఎక్కడున్నా లోకలే. వెతుక్కుంటూ పోయి బస్సెక్కించి తెచ్చి, బిర్యానీ పెట్టి, వేలికి సిరా పూయించి మళ్లీ దింపుతారు. బియ్యానికీ లేదు, దేశమంతా ఒకే రేషన్ కార్డు, వైట్‌ఫీల్డ్‌లో వేలిముద్ర వేసినా సంచి నిండుతుంది. కడుపు దేశమంతా తిరగొచ్చు, తలకాయ మాత్రం మండలం దాటరాదు.

కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినారు. దక్షిణాది భాషలన్నీ అక్కచెల్లెండ్లని, వాటి మధ్య ఎల్లలు మనం గీసినవేనని చాటడానికి. మా ముందు నిలబడిన పిల్లోడు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, నాయన పనిచేసే చోట మేస్త్రీతో తమిళం. ఆ సిద్ధాంతానికి కాళ్లొచ్చి నడుచుకుంటూ వస్తే వీడే. సిద్ధాంతం మీద సదస్సు పెడతాం, భోజనాలు పెడతాం. కాళ్లొచ్చి లైన్లో నిలబడితే మాత్రం, "నాలుగేండ్లు చూపించు".

ఇంతలో నా వెనక ఒక పెద్దమనిషి గొంతు. చిన్న కూతురి సీటు కోసం వచ్చినాడు. పెద్దకొడుకు డాలస్‌లో ఎంఎస్ అంట. పక్కాయనతో ఆవేశంగా మాట్లాడుతున్నాడు: "చదువుకునే పిల్లలు సార్ వాళ్లు! కాగితంలో ఏదో చిన్న తేడా ఉందని దొంగల్ని చూసినట్టు చూస్తే ఎట్లా? మానవత్వం ఉండొద్దా?" నాకు కళ్లు చెమర్చినాయి. ఈ తల్లి గురించే అనుకున్నాను. ఆయన అంటున్నది ట్రంప్‌ను. ఈమె వైపు తిరిగి మాత్రం, "కాగితాలు సరిగ్గా చూసుకుని రావద్దా అమ్మా? లైను మొత్తం ఆగిపోయింది" అన్నాడు.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు బిగించినారు. గొడ్డుకు కట్టినట్టు కడతారా అని ఊరూరా మండిపడినాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఇంకా వింత. ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీకి బోర్డుంది, వెబ్‌సైటుంది, ఫీజుంది. క్లాసు లేదు, అయ్యవారు లేడు. ఎందుకంటే దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ పోలీసులే. వలలో పడి అరెస్టయిన 130 మందిలో 129 మంది మన దేశం వాళ్లు, తెలుగు పిల్లలే ఎక్కువ. రాయబార కార్యాలయం రాత్రింబగళ్లు హెల్ప్‌లైన్ తెరిచింది, తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగెత్తినాయి. చేయాల్సిన పనే. అదే హెల్ప్‌లైన్ గుడుపల్లెకు ఎప్పుడు కలుస్తుందోనని ఆ తల్లి ఫోను పట్టుకుని చూస్తా ఉంది. సిగ్నలుంది, నంబరే లేదు.

ఇక్కడ ఆ పెద్దమనిషికి చెప్పని ముచ్చట ఒకటుంది. కాలిఫోర్నియాలో 2001లో ఒక చట్టం చేసినారు. మా హైస్కూల్లో మూడేండ్లు చదివి పాసయినావా? అయితే దేశంలో ఉండడానికి నీ దగ్గర కాగితం లేకపోయినా సరే, మా రాష్ట్రం పిల్లలు కట్టే ఫీజే నువ్వూ కట్టు. వాళ్లూ లెక్కపెట్టింది ఏండ్లే. లెక్కపెట్టి లోపలికి రమ్మన్నారు. 2019లో ఇంకో చట్టం. ప్రతి కమ్యూనిటీ కాలేజీలో, ప్రతి స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇట్లాంటి పిల్లల కోసమే ఒక మనిషిని పెట్టాల. ఏ ఫారం ఎక్కడ నింపాల, ఫీజుకు సాయం ఎక్కడ దొరుకుతుంది, ఏ లాయరును అడగాల, ఇవి చెప్పడమే ఆ మనిషి ఉద్యోగం. అమెరికా అంతా ఇట్లానే ఉందనుకుంటే మళ్లీ పొరపాటు. టెక్సస్ కూడా 2001లోనే ఇట్లాంటి చట్టం చేసింది. 2025 జూన్‌లో కేంద్రం దానిమీద కోర్టుకు పోతే, రాష్ట్రం అడ్డం చెప్పకుండా తలూపి, కేసు పడిన రోజే దాన్ని చంపేసింది. పేదోడి సీటు తీసేయడానికైతే ఏ దేశంలో అయినా ఒక్కరోజు చాలు.

సరే, పరాయి దేశం బిడ్డకు వాళ్లు ఒక మనిషిని పెట్టినప్పుడు, సొంత బిడ్డకు మనం ఒక భవనమే కట్టుకుందాం. పేరు: వలస విద్యార్థి ఆసరా కేంద్రం. శంకుస్థాపనకు ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో పెద్దల ముఖాలు పోగా మిగిలిన మూల ఒక పిల్లోడి ముఖం, దాని మీద మేకు. పనివేళలు కూలోళ్లు పనిలో ఉండే వేళలే. ఆసరా కోరేవాళ్లు తేవాల్సినవి: వలస పోయినట్టు ఎమ్మార్వో కాగితం, ఎక్కడికీ పోలేదని రేషన్ డీలరు కాగితం, కరువు వల్లనే పోయినట్టు ఎండిన బోరు ఫొటో. ఫొటోలో బోరు పక్కన విద్యార్థి ఆధార్ కార్డు పట్టుకుని నవ్వకుండా నిలబడాల. నాలుగు సెట్లు జిరాక్సు. ఓపిక లేనోళ్లకు వాట్సాప్ ఎట్లాగూ ఉంది. 2025 జనవరి నుంచి రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ సేవ 'మన మిత్ర' సర్టిఫికెట్లను ఫోన్లోకే పంపుతా ఉంది. మంచి మిత్రుడే. అడిగిన కాగితం పంపుతాడు. పోయిన నాలుగేండ్లను మాత్రం పంపలేడు. ఇవేవీ కుదరకుంటే ఆఖరి ఉపాయం, పశువుల డాక్టరును పిలిచి పిల్లోడి చెవికి పసుపు బిళ్ల కొట్టించేది. ఆ తర్వాత ఢిల్లీ పోయినా వాడి ఊరు వాడిదే.

ఈ కౌంటరు వందేండ్ల కింద లేకపోవడం మదనపల్లె చేసుకున్న పుణ్యం. 1915లో ఇక్కడ కాలేజీ నిలబెట్టిన అనీ బిసెంట్ లండన్‌లో పుట్టిన మనిషి. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ వాడు. 1919 ఫిబ్రవరిలో వచ్చి ఇక్కడ కూర్చుని జనగణమనను ఇంగ్లీషులో రాసిచ్చిన రవీంద్రుడు బెంగాలీ. దాని బాణీని స్వరాల్లో పెట్టిన మార్గరెట్ కజిన్స్ కూడా ఐర్లండే. నలుగురికీ కలిపి సీమలో ఒక్క స్టడీ సర్టిఫికెట్ లేదు. రవీంద్రుడైతే బడినే సరిగ్గా భరించలేదు, టీసీ అడిగితే గడ్డం సవరించుకునేవాడు. ఇంక ఊరికి మిగిలిన లోకల్ జిడ్డు కృష్ణమూర్తి. 1895లో ఇక్కడే పుట్టినాడు, పదమూడేండ్లకే నాయన వెంట అడయారు పోయినాడు. లోకం ఆయన్ను జగద్గురువంది. మన కౌంటరు నాన్‌లోకల్ అంటుంది.

కాగితానికి ఈ గడ్డ మీద ఎంత మర్యాదో 2024 జూలైలో కళ్లారా చూసినాం. 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలినాయి. మరుసటి రోజే డీజీపీ హెలికాప్టర్‌లో దిగినాడు. దిగాల్సిందే, అవి జనాల భూముల కాగితాలు. కాలిన కాగితానికి హెలికాప్టరు వచ్చింది. లేని కాగితం కోసం గుడుపల్లె తల్లి మూడు బస్సులు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చింది.

ఆఖరికి గుమాస్తా మనసు కరిగింది. "ఆ పదేండ్ల కాగితం తెచ్చుకోమ్మా, 15 శాతంలో చూద్దాం" అన్నాడు. చెక్‌లిస్టు మీద వేలు పెట్టి కిందికి దిగినాడు. ఒకచోట వేలు ఆగింది.

"అక్కడి బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉందా?"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు చిన్నగా చెప్పినాడు: "వలస పోయినట్టు సర్టిఫికెట్ మా."

ఆమె తన చేతులను ఒకసారి చూసుకుంది. సిమెంటు తిన్న చేతులు, వేలిముద్ర మిషను రెండుసార్లు గుర్తుపట్టని చేతులు.

"వలస పోయేదానికి గూడా కాగితం ఇస్తారని తెలీదు సార్. తెలిసుంటే మా నాయన కాలం నుంచి దాచిపెట్టుకుని ఉందుము."

గుమాస్తా పెన్ను మూత పెట్టినాడు. నా వెనక పెద్దమనిషి అందుకున్నాడు: "తర్వాత ఎవరు?"