ఖోబర్‌లో కూర్చుని ఊళ్లో పాడుబడ్డ ఇల్లు వెతికే విధానం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి సౌదీలోని అల్ ఖోబర్ చేరి, ఊళ్లో ఇంటికి తాళం వేసిపెట్టుకున్న వారి కోసం ఈ సూచనలు. స్వయంగా వెళ్లి చూసే పద్ధతి కూడా ఉంది. దానికి సెలవు, టికెట్, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా, వీటన్నిటికన్నా ఎక్కువగా ధైర్యం కావాలి. కాబట్టి దాన్ని వదిలేద్దాం.

1. సమయం: శుక్రవారం పొద్దున. ఖోబర్‌లో ఎనిమిదైతే ఊళ్లో పదిన్నర. 2017 సెప్టెంబరు దాకా ఇక్కడ చాలా ఇంటర్నెట్ కాల్ ఆప్‌లు పనిచేసేవి కావు. ఇల్లు చూడకపోవడానికి సర్కారే సాకు ఇచ్చేది. ఇప్పుడు ఆ సౌకర్యం లేదు, వీడియో కాల్ చేయక తప్పదు.

2. మనిషి: అన్న కొడుకును పట్టండి. ఫోన్ రీచార్జ్ చేయిస్తానని ముందే చెప్పండి, చేయించడం తర్వాత చూసుకోవచ్చు.

3. ప్రవేశం: వాకిట్లో సర్కారు తుమ్మ, దాని కింద వయ్యారిభామ, కాలు పెట్టేచోట పల్లేరు కాయలు. "కాకా, పాముంటదేమో" అంటాడు పిల్లాడు. "ఏం గాదు బిడ్డా, పో" అనండి. పాముకూ మీకూ మధ్య అరేబియా సముద్రం ఉంది కదా, భయపడాల్సిన పని లేదు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ రూలు అన్న కొడుక్కు వర్తించదు.

4. కాలనిర్ణయం: ఇసుర్రాయి, కందిలి, చెదలు తిన్న గుమ్మి బాపు కాలానివి. వాటిని చూసి "అబ్బా" అని ముందుకు నడవండి. అటక మీది సూట్‌కేసు దగ్గర మాత్రం ఆగండి. పిడికి వేలాడే ట్యాగు మీద ధహ్రాన్ అని ఉంటే అది 1999 నవంబరుకు ముందుది, దమ్మామ్ అని ఉంటే కొత్త విమానాశ్రయం తెరిచాక వచ్చింది. బొంబాయి అని కూడా ఉంటే, అక్కడ దిగి రైలెక్కి వచ్చిన రోజుల సామాను. ఇంత కచ్చితంగా లెక్కకట్టగలిగిన మీరు చివరిసారి ఊరికి ఎప్పుడు వెళ్లారో మాత్రం ఎవరైనా అడిగితే సిగ్నల్ పోయిందనండి.

5. తవ్వకం: సందూక తెరిపించండి. పాలిథిన్ కవరు విప్పని చాదర్లు, మూత తీయని టైగర్ బామ్ సీసాలు, ఫారిన్ సబ్బులు, డబ్బాలోనే ఉన్న టూ ఇన్ వన్ టేప్ రికార్డర్. అన్నీ ఖోబర్ బజారులో బేరమాడి కొని, కార్టన్ కట్టి పంపినవే. "నువ్వొచ్చినంక తీద్దాం కొడుకా" అని అవ్వ దాచింది. ఇక్కడ మనసు మెత్తబడితే పని చెడుతుంది, తర్కం వాడండి: వాడని వస్తువు పాడవదు. మీ ఇల్లే దానికి సాక్ష్యం.

అడుగున క్యాసెట్లు ఉంటాయి. ఉత్తరం రాసే ఓపిక లేక మాటలు రికార్డు చేసి పంపినవి. వాటిని వినవద్దు. "రెండేండ్లల్ల వస్తా" అన్న మాట ప్రతి క్యాసెట్‌లోనూ దొరుకుతుంది.

6. కాగితాలు: బట్టల మడతల్లో పాత పట్టాదారు పాసుపుస్తకం, తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా కనిపిస్తే వెంటనే కెమెరా పక్కకు తిప్పమనండి. చూస్తున్న పిల్లాడి తండ్రి కూడా వారసుడే. భూమి రికార్డులకు 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకా ఏ పోర్టలూ రాలేదు.

7. ముగింపు: ఏ వస్తువూ పారేయించకండి, ఎవరికీ ఇవ్వకండి. సందూక మూయించి, తలుపుకు కొత్త తాళం వేయించండి. తుమ్మ కొట్టించడానికి, పెంకులు మార్చడానికి, ప్రహరీ లేపడానికి, వకీలుకు ఎంతవుతుందో లెక్క రాయండి. రియాళ్లలో రాస్తే అంకె చిన్నగా కనిపించి ధైర్యం వస్తుంది. డాలరుకు 3.75 దగ్గర రియాలు 1986 నుంచి కదల్లేదు కూడా. రూపాయల్లోకి మార్చాక అసలు సంగతి తెలుస్తుంది: ఆ ఇల్లు నిలబడాలంటే మీరు ఇంకో రెండేళ్లు ఖోబర్‌లోనే ఉండాలి. ఇల్లు కట్టుకోవడానికే కదా మొదట ఇక్కడికి వచ్చింది!