టర్బో బావ

మంగళగిరిలో కారు కొన్నవాణ్ణి ఊరు ముందుగా అడిగేది ‘ఎంతిస్తుంది?’ అని. ఆ తర్వాత ‘ఎంతకి పడింది?’ అని. టర్బో బావకి ఈ రెండు ప్రశ్నలూ గిట్టవు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరైనా అడగాలని ఆయన కోరిక. ఎవరూ అడగరు కాబట్టి ఆయనే చెబుతాడు. బస్టాండు దగ్గర టీకొట్టులో గ్లాసు అందుకుంటూ ‘తొమ్మిది పాయింట్ ఏడు బావా!’ అంటాడు. అవతలివాడు షుగరు రిపోర్టనుకుని, రాత్రిళ్లు అన్నం మానేసి పుల్కాలు తినమంటాడు.

ఈ బావ ఫలానా ఒక్కడని కాదు. మెయిన్ బజారులో నిజాం బోర్డరు చీరల కొట్టు చూసుకునే కుర్రాడు కావచ్చు. ఐటీ పార్కులో నైటు షిఫ్టు చేసొచ్చే ఉద్యోగి కావచ్చు. రాజధాని పుణ్యమా అని పొలం రేటు పెరిగి, ఉద్యోగం మీద శ్రద్ధ తగ్గిన మనిషీ కావచ్చు. వయసు ముప్పైకీ నలభైకీ మధ్య. పెళ్లయింది, పిల్లలున్నారు, తల్లిదండ్రులు దగ్గరే ఉంటారు. ఇంట్లో అందరూ కూర్చుని ఏడు సీట్ల బండి కొందామని తీర్మానించిన వారానికి ఈయన వెళ్లి, పదేళ్ల వయసున్న, రెండు చేతులు మారిన ఎర్ర పోలో జీటీ టీఎస్ఐ తోలుకొచ్చాడు. బంపరు నుంచి బంపరు దాకా నాలుగు మీటర్లు కూడా లేదు. డిక్కీ తలుపు మీద ‘జీటీ’ అని రెండక్షరాలు మాత్రం ఉన్నాయి. ఆ రెండక్షరాలకి మామూలు పోలో మీద ఎంత ఎక్కువ పోశాడో వాళ్లావిడకి ఇప్పటికీ తెలియదు. తెలియనివ్వకండి.

ఈ జాతి కార్లకి మూలపురుషుడు జర్మనీలో పుట్టాడు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆటో షోలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు గోల్ఫ్ జీటీఐని చూపించారు. సంసారులు కూరగాయలు తెచ్చుకునే కారులో 110 హార్స్‌పవర్ ఇంజను పెట్టారు. మహా అయితే 5,000 అమ్ముడవుతాయని వాళ్ల అంచనా. మొదటి తరం కార్లే నాలుగున్నర లక్షలు దాటాయి. మన దగ్గర కథ అడ్డం తిరిగింది. 2006 బడ్జెట్ నుంచి, పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు పన్ను. గీత దాటితే పెద్ద కారు పన్ను. ఆ గీత దాటి 2015లో ఫియట్ వాళ్లు 145 హార్స్‌పవర్‌తో అబార్త్ పుంటో దించారు. ఇంజను 1368 సీసీ, ఢిల్లీ షోరూం ధర 9.95 లక్షలు, బానెట్ మీద కంపెనీ గుర్తు తేలు. తేలు బొమ్మున్న కారుకి పసుపు బొట్టు పెట్టడానికి ఏ అమ్మమ్మ ఒప్పుకుంటుంది? మరుసటేడు మూడు తలుపుల పోలో జీటీఐ వచ్చింది, 26 లక్షలకి వెయ్యి రూపాయలు తక్కువ. పోలోకి 26 లక్షలా అని జనం నోరెళ్లబెట్టారు. 2017లో మారుతి బలెనో ఆర్ఎస్, 2018లో టాటా టియాగో జేటీపీ, అన్నీ వచ్చాయి, అన్నీ పోయాయి. 2010లో మొదలైన పోలో కూడా 2022లో సెలవు తీసుకుంది.

బావ తత్వమంతా ఇక్కడే ఉంది. ఈ కార్లు కొత్తగా షోరూముల్లో మెరుస్తున్నప్పుడు ఈయన వెళ్లి చూశాడు, టెస్ట్ డ్రైవ్ చేశాడు, బ్రోచరు తెచ్చుకున్నాడు, ఆల్టో కొన్నాడు. ఇలాంటి బావలందరూ ఆల్టోలే కొన్నారు కాబట్టి కంపెనీలు వాటిని ఆపేశాయి. ఆపేశాయి కాబట్టి ఇప్పుడు బావకి అవి ముద్దొస్తున్నాయి. ‘మన దేశంలో కారు విలువ తెలిసినవాళ్లు లేరు బావా’ అని నిట్టూరుస్తాడు. ఆ లేనివాళ్లలో తనూ ఉన్న సంగతి ఎత్తితే టీ డబ్బులు మనల్నే ఇచ్చుకోమంటాడు.

కొన్న వైభవం చెప్పుకోవాలి. బండి హైదరాబాదులో దొరికింది. కార్ కన్సల్టెన్సీ ఆయన తాళం చేతికిస్తూ, ‘డాక్టరుగారి బండి సార్. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి’ అన్నాడు. తెలుగునాట అమ్మకానికొచ్చే ప్రతి సెకండ్‌హ్యాండు కారునీ ఎవరో ఒక డాక్టరుగారే వాడి ఉంటారు. ఇన్ని కార్లు నడిపే డాక్టర్లు రోగుల్ని ఎప్పుడు చూస్తారో భగవంతుడికే తెలియాలి. మీటరు 48 వేలు చూపించింది. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా అద్దంలా ఉంది, డ్రైవరు సీటు అంచు చిట్లి లోపలి స్పాంజి తొంగి చూస్తోంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం అన్న రహస్యం బావకి తెలుసు. వంగి చూస్తే నాలుగు టైర్లూ నాలుగు వేర్వేరు సంవత్సరాల్లో పుట్టాయి. 48 వేల కిలోమీటర్లకి ఇన్ని రకాల టైర్లెందుకు మార్చారని అడగాలి కదా? అడిగేలోగా కన్సల్టెన్సీ ఆయన ఇంజను స్టార్ట్ చేసి ఒక్కసారి రేజ్ చేశాడు. అంతటితో బేరం అయిపోయింది.

బండి వచ్చింది గానీ నంబరు టీఎస్ 09. రాష్ట్రం దాటించాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30, పాత లోను తీరినట్టు బ్యాంకు సంతకంతో 35, ఆపైన ఆంధ్రప్రదేశ్‌కి లైఫ్ ట్యాక్స్. అన్నదమ్ములు 2014లో విడిపోతే కారు రెండిళ్లలోనూ పన్ను కట్టాల్సొచ్చింది. గుంటూరు జిల్లావాడు కాబట్టి ఏపీ 07 వస్తుందని ఆశపడ్డాడు. 2019 జనవరిలో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఇస్తున్నారని కౌంటరు దగ్గర చెప్పేసరికి బావకి పన్ను కట్టినప్పటికంటే ఎక్కువ బాధ కలిగింది.

పూజ మాత్రం ఘనంగా జరిగింది. 1807-09 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురం ఎదుట బండిని నిలిపి, దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ తర్వాత ఎగువ సన్నిధికి వెళ్లి పానకం పోయించారు. కొండ మీద పానకాల స్వామి బిందెడు పోస్తే సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడని ప్రతీతి. బావ కారుకి ఆ మర్యాద తెలియదు, పోసిందంతా తాగుతుంది. కంపెనీ పరీక్షల్లో లీటరుకి 17 కిలోమీటర్ల పైచిలుకు చూపించిన బండి, విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తొమ్మిదికి దిగింది. లీటరు వంద దాటిన రోజుల్లో బావ మామూలు పెట్రోలు కూడా పోయించడు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025కల్లా దేశమంతా వచ్చేసింది కదా, అది తన ఇంజనుకి పడదని ఇథనాల్ లేని ఖరీదైన 100 ఆక్టేన్ కోసం బంకుల వెంట తిరుగుతాడు. దాన్ని వెతకడానికి ఎంత కాలిందో లెక్క వెయ్యడు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. బండిలో సరుకుంది. సైలెన్సర్‌లోకి పోయే పొగనే దారి మళ్లించి చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని కుదించి ఇంజనులోకి తోయడమే టర్బో. దాని బలంతో 1197 సీసీ ఇంజను 105 హార్స్‌పవర్ ఇస్తుంది. మిర్చి సీజనులో కుడి లేను పట్టుకుని కదలని లారీ ఎడం వైపు జరిగిందంటే, కాలు ఆనించగానే బండి అవతల ఉంటుంది. మామూలు కారులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఓవర్‌టేకు ఇందులో చిటికెలో అవుతుంది. ‘పికప్ అంటే ఇదీ!’ అని బావ స్టీరింగు మీద చరుస్తాడు. కాకపోతే మంగళగిరి నుంచి గుంటూరు వైపు అలా రెండు లారీలు దాటేలోపే కాజ టోల్ ప్లాజా వచ్చేస్తుంది. దాటొచ్చిన లారీలు తీరుబడిగా వచ్చి పక్క లేనులో నిలబడతాయి.

ఊళ్లోకొస్తే ఇంకో కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన పల్లెల్లో మాత్రం ఎవరి గుమ్మం ముందు ఎవరి మేక పడిందో దాన్నిబట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. బావ కారు కిందిభాగం నేలకి పదహారున్నర సెంటీమీటర్ల పైన ఉంటుంది, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. కుటుంబం ఎక్కితే బ్రేకరు దగ్గర బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించి దించుతాడు. అప్పటికీ కింద ‘కర్ర్’మంటే, అత్తగారి వైపు చూసి, ‘కాస్త దిగి అవతలికి నడుస్తారా అండీ’ అంటాడు. నిడమర్రు దారిలో ఆవిడ సగం దూరం నడిచే వచ్చింది. మోకాళ్లు బాగుపడ్డాయని ఆవిడ అనడం ఈ కారుకి ఇంట్లో దొరికిన ఏకైక మెచ్చుకోలు.

మామగారిది సత్తెనపల్లి వైపు. ఓ ఏడాది కోతలయ్యాక యార్డుకి వేయగా మిగిలిన టిక్కీ (మిర్చి బస్తా) ఒకటి ఇంటికి పట్టుకెళ్లమన్నాడు. డిక్కీలో టిక్కీ పట్టలేదు. పోలో డిక్కీ 280 లీటర్లు, మిర్చి టిక్కీ నలభై కిలోల పైమాట, పైగా దాని పొట్ట ఎటు నొక్కినా ఇంకోవైపు పొడుచుకొస్తుంది. వెనక సీటు మడిచి, పిల్లల్ని బస్సెక్కించి, టిక్కీని కూర్చోబెట్టాడు. అద్దాలు మూసి ఏసీ వేశాక తెలిసింది తేజా మిర్చి ఘాటంటే ఏమిటో. ఆ రోజు గుంటూరు దాకా టర్బో శబ్దం వినపడలేదు, తుమ్ములే వినపడ్డాయి. సీటు గుడ్డలో ఆ ఘాటు ఇంకా ఉంది. వానాకాలం తలుపు తీస్తే పలకరిస్తుంది.

ఏడు గేర్లు, రెండు క్లచ్చులు, ఎడం కాలికి పని లేదు అని బావ ఇన్నాళ్లూ గొప్పలు చెప్పిన గేరుబాక్సు, ఓ మధ్యాహ్నం వారధి మీద ట్రాఫిక్‌లో మూలగడం మొదలెట్టింది. ఆ క్లచ్చులు ఆయిల్లో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. మే నెల ఎండలో గంటసేపు జానెడు జానెడు జరిపితే వేడెక్కుతాయి. ఆటోనగర్‌లో మేస్త్రి బానెట్ ఎత్తి, కాసేపు గౌరవంగా చూసి, మళ్లీ మెల్లగా దించాడు. ‘బాబూ, ఇది గేరుబాక్సు కాదు, కంప్యూటరు. నా దగ్గర స్పానర్లే ఉన్నాయి’ అన్నాడు. అంబాసిడర్ నుంచి లారీ దాకా విప్పి బిగించిన చెయ్యి అది. సొంతూరు బండికి పనికి రాలేదని బావ కంటే ఆయనే ఎక్కువ నొచ్చుకున్నాడు. లోపలి మెకట్రానిక్ యూనిట్ మార్చాలంటే బిల్లు లక్ష దాటుతుందని తేలాక, బావ ఇంట్లో చెప్పిన మాట ‘ఆయిల్ మార్పించాను’.

ఇంత జరిగినా ఆయనకి రీమ్యాప్ మీద ఆశ చావలేదు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను లెక్కలు మారిస్తే 105 కాస్తా 130 దాటుతుందట. పనిలో పనిగా సైలెన్సర్ మార్చి ఉరుము పెట్టించాలని కూడా ఉంది. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపురేఖలు మార్చొద్దంటుంది, సుప్రీంకోర్టు 2019లో అదే ఖాయం చేసింది, ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకపోతే క్లెయిము గోవిందా. బావకి ఇవేవీ అడ్డు కాదు. రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో, హైవే పక్కన రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉంది. అదొక్కటే అడ్డు.

ఆదివారం తెల్లారగట్ల అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద ఆయన్ని చూడాలి. ఖాళీగా ఉండే వెడల్పాటి రోడ్డు. అద్దం దించి, గేరుని ఎస్‌ అనే స్పోర్ట్ మోడ్‌లోకి లాగి, ఒక్కసారి తొక్కుతాడు. ఆ కాసేపు లోను లేదు, లైఫ్ ట్యాక్స్ లేదు, మైలేజీ లేదు. ఎదురుగా మేతకి బయల్దేరిన గేదెల మంద రోడ్డెక్కేదాకా ఆ రాజ్యం ఆయనదే. గేదెలు హారనుకి తప్పుకోవు, టర్బోకీ తప్పుకోవు. బావ ఇంజను ఆపి, దిగి, ఫొటో తీసుకుంటాడు.

2025 మే నెలలో ఫోక్స్‌వ్యాగన్ అసలు గోల్ఫ్ జీటీఐనే మన దేశానికి దిగుమతి చేసింది. షోరూం ధర దాదాపు 53 లక్షలు, మొదటి విడత 150 కార్లు. బావ కాగితం తీసి లెక్క కట్టాడు. పదేళ్లు ఆగితే మూడో చేతికి తన అందుబాటు ధరకి వస్తుంది. ఆ 150లో ఒకటైనా ఏ డాక్టరుగారో కొనే ఉంటారు. ప్రస్తుతం ఆ డాక్టరుగారెవరో ఆరా తీసే పనిలో ఉన్నాడు.