కొన్న రోజు ఆడకండి: పాత గేములకు మళ్ళీ డబ్బు కట్టేవాళ్ళకు ఉల్టా సలహాలు

పాత గేముకు రంగులేసి కొత్త ధరకు అమ్మడంలో తప్పులేదు. అమ్మే ముందు పాతదాన్ని దుకాణంలోంచి ఎత్తేస్తారే, అదే తప్పు. నా కోపమంతా దాని మీదే. మా లాల్‌గడి మలక్‌పేట్‌లో జీనోమ్ వ్యాలీ కంపెనీల షిఫ్టు దిగి వచ్చి రాత్రిళ్ళు గేము ముందు కూర్చునే తమ్ముళ్ళు ఉన్నారు. నేను సలహా చెప్తే వాళ్ళ నుంచి వచ్చే మాట ఒకటే: "అన్నా, నువ్వు అంతా ఉల్టా చెప్తవ్." నిజమే, ఉల్టాగానే ఉంటుంది. అయినా ఇవే పాటించమంటాను.

ముందుగా, విడుదల రోజు కొనకండి. వారం ఆగమని కాదు, ఏళ్ళు ఆగమంటున్నాను. 2021 అక్టోబరులో రాక్‌స్టార్ కంపెనీ జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ పాత వెర్షన్లను డిజిటల్ దుకాణాల నుంచి తీసేసింది. నవంబర్ 11న ఆ మూడింటినీ కలిపి డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో 60 డాలర్లకు పెట్టింది. వాన పడితే తెరంతా తెల్లగీతలు, ముందున్న రోడ్డు కనిపించదు. శాన్ ఆండ్రియాస్‌లో ఒక డోనట్ షాపు గుర్తు ఆరు పలకల ఇనుప నట్టు. షాపు పేరులోని "నట్" అనే మాట మీది చమత్కారమంతా ఆ బొమ్మలోనే ఉంది. మూలలన్నీ నున్నగా చేసే పనిలో దాన్ని కూడా గుండ్రంగా మార్చేశారు. పేరు చదివి, బొమ్మ చూసిన మనిషెవరూ ఆ పని చేయడు. పాత గేములోని పొగమంచును కూడా తీసేశారు. అది అప్పటి మెషీన్ల చేతకానితనాన్ని దాచడానికి పెట్టిందే, కానీ ఊరికీ ఊరికీ మధ్య బోలెడు దూరం ఉందని నమ్మించింది కూడా అదే. అది పోయేసరికి, విమానంలో పైకి లేస్తే మూడు మహానగరాలూ ఒక్క చూపులో తేలిపోయాయి.

గొడవ పెద్దదయ్యాక కంపెనీ క్షమాపణ చెప్పింది, పాతవాటిని తన దుకాణంలో మళ్ళీ పెడతానంది. వెలుతురు పాత తీరుకు తెచ్చే అప్‌డేట్ వచ్చింది 2024 నవంబరులో. అంటే మొదటి రోజు కట్టినవాళ్ళు మూడేళ్ళు ఎదురుచూశారు. ఆ మూడేళ్ళూ మీరు జేబులో డబ్బుతోనే ఎదురుచూడండి.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మన దగ్గర వైస్ సిటీని అసలు డబ్బు పెట్టి కొన్నవాళ్ళెంతమంది? నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడాం, లేదంటే ఎవరో రైట్ చేసి ఇచ్చిన సీడీ. మానిటర్ పక్కన జిరాక్స్ కాగితం మీద చీట్ కోడ్లు. ట్యాంకు కావాలంటే పాంజర్, పోలీసులు వదలాలంటే లీవ్‌మీఎలోన్. ఇంగ్లిష్ రీడర్ పాఠం రాకపోయినా ఆ స్పెల్లింగులు తప్పేవి కావు. అమెరికా పిల్లలకు రీరిలీజంటే రెండోసారి కట్టడం. మనకు చాలామందికి మొదటిసారి కట్టడం. ఉద్యోగం వచ్చాక, చిన్నప్పటి బాకీ తీర్చుకుందామని నిజాయితీగా కార్డు తీసిన మనిషి చేతికి ఆ వాన, ఆ డోనట్టు వచ్చాయి. ఆ మనిషి మళ్ళీ దొంగ కాపీ వైపు వెళ్ళిపోతే నాకు బాధే తప్ప ఆశ్చర్యం లేదు. కొనడం మానమని నేను చెప్పను. గట్టిగా అడుగుతూ కొనమంటాను.

అందుకే రెండో సలహా: కొన్న రోజు ఆడకండి, తనిఖీ చేయండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, ఆట సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ రెండు గంటలు కథలో పడి పోగొట్టుకోవద్దు. మీకు బాగా తెలిసిన వీధికి వెళ్ళండి. వాన పడేదాకా ఆగండి. సేవ్ చేసి, బయటికొచ్చి, మళ్ళీ తెరవండి. రేడియో స్టేషన్లన్నీ తిప్పండి. పాత వైస్ సిటీలో మొదటిసారి కారెక్కగానే బిల్లీ జీన్ పాట వినిపించేది; లైసెన్సు అయిపోయాక డిజిటల్ వెర్షన్ల నుంచి ఆ పాట పోయింది, డెఫినిటివ్ ఎడిషన్‌లోనూ లేదు. మీకు ఆ గేమంటే ఆ పాటే అయితే, ఆ సంగతి రెండు గంటల్లోపే తెలియాలి.

మూడోది చెప్తే అందరూ నా మీద పడతారు: అప్‌డేట్ చేయకండి. ఫోనుకు, బ్యాంకు యాప్‌కు తప్పకుండా చేయండి. ఒక్కరే కూర్చుని ఆడుకునే పాత గేముకు మాత్రం వద్దు. స్కైరిమ్ 2011లో వచ్చింది, 2016లో స్పెషల్ ఎడిషన్, 2021లో యానివర్సరీ ఎడిషన్. కొత్త అప్‌డేట్ దిగినప్పుడల్లా స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే అభిమానుల ప్రోగ్రాము పనిచేయడం మానేసేది, దాని మీద నిలబడ్డ మాడ్లన్నీ, అంటే గేముకు ఆటగాళ్ళు చేసుకున్న మార్పులన్నీ, దాంతోపాటే కూలేవి. 2024 ఏప్రిల్‌లో ఫాల్‌అవుట్ 4కు ఉచితంగా వచ్చిన అప్‌డేటూ అంతే. ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఫాల్‌అవుట్ లండన్ అనే మాడ్ కట్టిన బృందం, సరిగ్గా అప్పుడే విడుదల పెట్టుకుని, జూలై దాకా వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. వార్‌క్రాఫ్ట్ 3 సంగతి ఇంకా ఘోరం. 2020 జనవరిలో దాని కొత్త రూపం రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, దాన్ని కొననివాళ్ళ పాత గేము కూడా కొత్త ప్రోగ్రాములోకి మారిపోయింది. పోకిరి 4కేలో మళ్ళీ వచ్చిందని 2022 ఆగస్టులో థియేటర్లలో ఈలలు వేశాం కదా, ఆ టికెట్టు కొన్నందుకు ఇంట్లో ఉన్న పాత డీవీడీ మారిపోలేదు. గేముల్లో మారిపోతుంది.

నాలుగోది: మాడ్లకు డబ్బివ్వండి. మాడంటే ఫ్రీగానే ఉండాలని వాదించే తమ్ముళ్ళతో నాకు పడదు. ఒకడు నిద్రలు మాని మీ గేముకు ప్రాణం పోస్తే ఊరికే తీసుకోవడం న్యాయమా? అయితే కొనుగోలు బటన్ దగ్గర కట్టకండి. నెల రోజులు ఆడి, నిలబడిందనిపించాక, విరాళం రూపంలో చేసినవాడికే నేరుగా పంపండి. 2015 ఏప్రిల్ 23న స్టీమ్‌లో స్కైరిమ్ మాడ్లను అమ్మకానికి పెట్టినప్పుడు, చేసినవాడి వాటా 25 శాతం. మిగతా 75 శాతం స్టీమ్ నడిపే వాల్వ్‌కు, స్కైరిమ్ చేసిన బెథెస్డాకు. కొన్న మాడ్ రేపు ఇంకో మాడ్‌తో గొడవపడి ఆగిపోతే జవాబు చెప్పే దిక్కు లేదు. ఆ అమ్మకాన్ని నాలుగు రోజుల్లో ఎత్తేసి డబ్బులు తిరిగిచ్చారు.

మాడ్ చేసేవాళ్ళను కంపెనీ మర్యాదగా పిలిస్తే ఏమవుతుందో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో చూశాం. 1999 నాటి ఆ గేముకు అభిమానులు కట్టిన ఫర్‌గాటెన్ ఎంపైర్స్ మాడ్ 2013లో అధికారిక ఎక్స్‌పాన్షన్ అయింది. 2019 డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆ బృందమే పనిచేసింది. 2022లో ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు ఆ గేములో నాగరికతలుగా వచ్చి చేరారు. దానికి డబ్బు కట్టడానికి నాకు ఏనాడూ చేయి వెనక్కి పోలేదు.

ఆఖరుగా, పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి. ఇంట్లోవాళ్ళు తిట్టినా సరే. ఒరిజినల్ సీడీ భద్రంగా ఉందన్న ధీమా చాలదు. 2015లో వచ్చిన విండోస్ 10, సేఫ్‌డిస్క్ తాళం వేసిన సీడీలను నడపదు. డబ్బు పెట్టి కొన్న సీడీ మొరాయిస్తుంది, తాళం తీసేసిన దొంగ కాపీ నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న డబ్బా ఒకటి మూలన ఉంటే ఈ తంటా లేదు. దానికి నెట్ తగిలించకండి. గేము ఫోల్డరు, మాడ్లు, సేవ్ ఫైళ్ళు కలిపి వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, వెర్షన్ నంబరు, తేదీ మార్కర్‌తో దాని మీదే రాయండి. ఏడాదికోసారి పెట్టి తెరిచి చూడండి, కదలకుండా పడున్న డిస్కులు చెప్పకుండా చచ్చిపోతాయి. రెండో కాపీ ఒకటి స్నేహితుడి ఇంట్లో ఉంచండి.