‘పుటప్ విత్’కు టీకా తాత్పర్యం

మూలం: ప్లీజ్ పుటప్ విత్ ప్రీవియస్ ఫైల్.

అవతారిక: మా ఇంటి పేరుమార్పిడి దరఖాస్తు మార్జినులో ఆకుపచ్చ సిరాతో వెలసిన ఏకవాక్య గ్రంథమిది. కర్త ఒక అధికారి, శ్రోత గుమాస్తా, ఫలభోక్త నేను.

టీక: ప్లీజ్ = దయచేసి (పై నుంచి వచ్చినప్పుడు ‘వెంటనే’ అని గ్రహించాలి); పుట్ = ఉంచుము; అప్ = పైకి; విత్ = తోడ; ప్రీవియస్ ఫైల్ = పాత ఫైలు.

‘పైకి ఉంచుము’ అన్నారు గదా అని అటక ఎక్కించరాదు. కచేరీలో ‘పైకి’ అన్నది దిక్కు కాదు, హోదా. దొరగారు కింది అంతస్తులో కూర్చున్నా ఫైలు పైకే పోతుంది. సంస్కృతంలో ఉపసర్గ ధాతువుకు ముందు నిలుస్తుంది. హృ ధాతువు ఒక్కటే. ఆహార విహార సంహారాలు మూడూ దాని చలవే. ఇంగ్లీషులో అది వెనక చేరుతుంది, ‘పుట్ ది ఫైల్ అప్’ అని ఎడంగానూ నిలబడుతుంది. పాణిని ఇంత స్వేచ్ఛ వేదానికే ఇచ్చాడు. కనుక ఆఫీసు నోటు అపౌరుషేయమనే వాదం కొట్టిపారేయదగ్గది కాదు. ఎవరు రాశారంటే ఎవరూ ఒప్పుకోరు కూడా.

ఈ జంటక్రియలు పరదేశులకు కొరుకుడు పడవని జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే అన్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్. నూట డెబ్బయ్యేళ్లు! మధ్యలో ఏ సెక్షన్లో ఆగిందో.

శంక: పుటప్ విత్ అంటే సహించుట అని కదా నిఘంటువు? సమాధానం: మూడూ ఒకే క్రియగా అతికితే సహించుటే. ఇక్కడ ‘విత్’ తృతీయా విభక్తి, ఫైలుకు చెందినది. అయినా శ్లేషను కాదనలేం. ‘ఎక్కడ పుటప్ అయ్యారు?’ అంటే ఎక్కడ బస అని మూడో అర్థం. పాత ఫైలు రికార్డు గదిలో చాలాకాలంగా పుటప్ అయివుంది.

తాత్పర్యం: ఓయి గుమాస్తా! ఈ కాగితమును పాత ఫైలుతో గూడ నాకు సమర్పింపుము. అది దొరకువరకు దరఖాస్తుదారుడు సహించుగాక.

రసం శాంతమని ఆఫీసు సంప్రదాయం. కరుణమని మా ఆవిడ.

అనుబంధం: నెల తర్వాత అదే మార్జినులో వేరే చేతిరాత బయటపడింది: ‘ప్రీవియస్ ఫైల్ నాట్ ట్రేసబుల్. పుటప్ ఫర్ ఆర్డర్స్.’ దీనికి వ్యాఖ్య రెండో సంపుటంలో.