పొగలేని బండి – సటీకాతాత్పర్యము

మూలము

తే. మల్లెపందిరి క్రిందుగా మళ్లి మళ్లి
తులసికోటను వలగొని తొట్టి దాటి
గరికవేళ్లకు జంకక గట్టు నెక్కి
వచ్చుచున్నది పొగలేని బండి కనుడు

అవతారిక

మెదకుసీమ కొలచాలమువాడైన మల్లినాథసూరి, మూలములో లేనిదానిని వ్రాయననియు అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టి కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ప్రస్తుత వ్యాఖ్యాత అట్టి ప్రతిన యేదియు పట్టలేదు. పట్టినచో నాలుగు పాదముల పద్యమును నాలుగు పంక్తులతో సరిపుచ్చవలసివచ్చును. పైగా ఈ పద్యమునకు కర్తయు వ్యాఖ్యాతయు ఒక్కడే యగుటచే, కవిహృదయమును గూర్చి వివాదము పుట్టునెడ తీర్పు చెప్పు నధికారము కూడ వ్యాఖ్యాత చేతిలోనే యున్నది.

పద్యము పుట్టినచోటు ఉడుమలైపేట. నాయకరాజుల నాడు ఎడ్లబండ్లు తోలుకొని దక్షిణమునకు దిగి, నల్లరేగడి కనబడినచోట కాడి దించి, నాటినుండి ఇంట తెలుగును వీధిలో అరవమును మాటలాడుచు వచ్చిన కుటుంబములు ఈ పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలందును పెక్కు గలవు. వారి పిల్లలకు తెలుగు నోటికి వచ్చును గాని కంటికి రాదు. బడిలో నేర్చినది అరవలిపి. అందుచేత ఈ పద్యమును పంపుసెట్టు గదిగోడమీద సుద్దతో అరవ అక్షరములందే వ్రాయవలసివచ్చినది. ఆ లిపిలో గకార కకారములకును, బకార పకారములకును వేరువేరు గుర్తులు లేవు గనుక, ‘గట్టు నెక్కి’ యనుచోట మా యింటి మనుమలు ‘కట్టు నెక్కి’ యనియు, ‘బండి’ యనుచోట ‘పండి’ యనియు చదివిరి. వకారమునకు బకారముతోవలెనే పకారముతోను యతి చెల్లును గావున పద్యమునకు వచ్చిన లోపము లేదు. రైలునకు మొదలే లేదు.

ఆ రైలునకు పూర్వకథ యొకటి కలదు. పోదనూరునుండి పొల్లాచ్చి వరకు 1915లోను, పొల్లాచ్చినుండి ఉడుమలైపేట, పళని మీదుగా దిండిగల్లు వరకు 1928లోను మీటరు గేజి దారి పడినది. గోమంగళము, మైవాడి రోడ్డు, మడత్తుకుళము, పుష్పత్తూరు అను చిన్న స్టేషనులలో నిలిచి నిలిచి, తైపూసమునకు పళని పోవు కావడులవారిని ఏటేట మోసిన ఆ దారిలో ఈ పేటమీదుగా పోవు భాగము 2009లో మూతబడి, 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజియై 2015లో మరల తెరవబడెను. తెరవబడుట మేలే; ఇక్కడ ఎక్కినవాడు తిరుచెందూరులో దిగవచ్చును. అయినను పట్టాల నడుమ సరిగా 1,000 మిల్లీమీటర్ల ఎడముగల దారి ఈ పేటలో నేడు లేదని జనులు చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనువారు మా పెరటికి రాలేదు.

ఎట్లన: జర్మనీ దేశపు నురెంబర్గులోని లేమన్ అను ఆటబొమ్మల సంస్థవారు 1968లో ఎల్‌.జి.బి. అను పేర, 45 మిల్లీమీటర్ల దారిపై, ఎండవానలకోర్చి ఆరుబయట నడువగల బండిని వెలువరించిరి. వారు మాదిరిగా గొన్నది మీటరు గేజి రైలు; పాటించిన ప్రమాణము 22½వ వంతు. నలుబదియైదును ఇరువదిరెండున్నరతో హెచ్చింపగా 1,012½ వచ్చును. పండ్రెండున్నర మిల్లీమీటర్ల అధికము కవిసమయముక్రింద క్షంతవ్యము. బ్రాడ్ గేజిని ఇదే ప్రమాణమునకు దింపగోరినవాడు 74½ మిల్లీమీటర్ల దారిని తానే పోతపోసికొనవలయును. కావున ప్రభుత్వమువారు ఊరి నడుమ పెకలించినదానిని పెరటిలో పఱచుటకు గణితశాస్త్రము స్వయముగా అనుమతి నిచ్చినట్లయినది.

టీక

మల్లెపందిరి క్రిందుగా = మల్లెతీగ అల్లుకొన్న పందిటి నీడను; మళ్లి మళ్లి = పలుమారు వంపు తిరిగి; తులసికోటను = తులసి నాటిన కోటను; వలగొని = కుడివైపుగా చుట్టివచ్చి; తొట్టి = నీళ్లతొట్టిని; దాటి = అవతలికి పోయి; గరికవేళ్లకు = గరికగడ్డి యొక్క వేళ్లకు; జంకక = వెనుదీయక; గట్టు నెక్కి = మిట్ట నారోహించి; పొగలేని బండి = బొగ్గును ఆవిరిని ఎఱుగని రైలు; వచ్చుచున్నది; కనుడు = చూడుడు (ముట్టుకొనకుడని ధ్వని).

తాత్పర్యము

పెరటిలో రైలు తిరుగుచున్నది. తీరిక గలవారు వచ్చి చూడవచ్చును.

విశేషములు

‘మళ్లి మళ్లి’ యను ద్విరుక్తి పాదపూరణార్థమని పూర్వపక్షము. అది పొరపాటు. మీటరు గేజిలో మిక్కిలి బిగువైన వంపు 16 డిగ్రీలు, అనగా సుమారు 109 మీటర్ల వ్యాసార్ధము. దానిని ఇరువదిరెండున్నరతో భాగింప దాదాపు 4 మీటర్ల 85 సెంటీమీటర్లు. బండి యొకమారు చుట్టిరావలెనన్న పది మీటర్ల వెడల్పుగల బయలు కావలయును. అంత బయలున్నవాడు కొబ్బరి పెట్టును గాని రైలు పెట్టడు. బొమ్మబండి మాత్రము 60 సెంటీమీటర్ల వ్యాసార్ధమున సైతము తిరుగును. అది నిజమునకు పదమూడున్నర మీటర్లు. అట్టి వంపున అసలు ఇంజను చక్రములు పట్టా వీడి పొలమున బడును. ఈ రెంటి నడుమ, పెరడు ఇచ్చినంత తీసికొని, ఇయ్యనిచోట మరల మళ్లుటయే ద్విరుక్తికి అర్థము. ఇక మల్లె ఊరక వర్ణనకొఱకు వచ్చినది కాదు. సాయంకాలము విచ్చిన పూవు మఱునాటికి రాలి పట్టాపై బడి, చక్రముక్రింద నలిగి, ఇత్తడిమీద గోధుమవన్నె జిగురై ఎండును. పట్టాలద్వారా విద్యుత్తు నందుకొను బండికి ఆ జిగురు అడ్డుగోడ. బండి వణకును, ఆగును, వ్రేలితో త్రోయగా కదలును, మరల ఆగును. కావున విద్యుత్తును పట్టాలలోగాక బండి కడుపులోనే బ్యాటరీరూపమున ఉంచవలసివచ్చినది. నాలవ పాదములోని ‘పొగలేని’ యను విశేషణమునకు బీజము మొదటి పాదములోని పువ్వే యని రసజ్ఞులు గ్రహింతురు గాక.

‘వలగొని’ యనుచోట శాస్త్రచర్చ కలదు. ఇంజనునకు ముందువెనుకలు రెండును సమానములు. మీట త్రిప్పినచో ఎడమగా కూడ చుట్టును. ఆ ముచ్చట మా యింటి అవ్వ కంట బడినది. “ఏమిరా, తులసమ్మను అపసవ్యముగా చుట్టుతాదే నీ బండి! దాన్ని సరిగా తిప్పు, లేదంటే కోటను ఇంకోచోట పెట్టు” అని ఆమె ఆజ్ఞ. కోటను కదలించుటకంటె బండిని మళ్లించుట సులభము గావున, నాటినుండి ఆ చుట్టులో ప్రదక్షిణమే నియమము. పెట్టెలు కూర్చు వేళ నాలుగడుగులు వెనుకకు నడుచుట దోషము కాదని ఆమెయే సడలింపు నిచ్చినది. ఆమె వేఱొక పూర్వపక్షమును కూడ చేసెను: “ఆ చోట నాలుగు బెండమొక్కలు పెట్టుంటే కూరకైనా అయ్యుండును కదరా.” దీనికి సిద్ధాంతము ఇంతవరకు దొరకలేదు.

తొట్టిని గూర్చి పాఠభేదప్రకరణమున చెప్పబడును.

మూడవ పాదము ఈ పద్యమునకు ప్రాణము. తక్కిన మూడును దీనిని మోయుటకే పుట్టినవి. గ్వాలియరు జయవిలాస భవనమున సింధియా మహారాజుల భోజనపుబల్లపై వెండిరైలు తిరిగి, విందునకు వచ్చినవారికి పానీయములను చుట్టలను అందించెడిది. పూనాలో భావూ జోషీగారు ఏర్పఱచిన చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి జనులను ఆకర్షించుచున్నది. అవి గొప్పవే, కాని వానిపై కప్పు కలదు. బల్లపై గరిక మొలవదు. ఇంటిలోని రైలు మనుష్యుని సృష్టి; తోటలోని రైలో, మనుష్యుడు ప్రమాణము నిర్ణయింపగా తక్కిన సృష్టి దానిని అంగీకరింపక నిత్యము చేయు వ్యాజ్యము. పట్టాను ఇరువదిరెండున్నరతో భాగింపవచ్చును, పెట్టెను భాగింపవచ్చును, స్టేషనుమాస్టరును సైతము ఏడున్నర సెంటీమీటర్ల మట్టిబొమ్మగా నిలుపవచ్చును. వానచినుకును, చీమను, గాలిని, గరికను భాగించువాడెవడు?

గాలినే చూడుడు. నిడివి 22½వ వంతునకు తగ్గినచో, గాలి మోదు వైశాల్యము దాదాపు 506వ వంతునకు తగ్గును. బరువో, 11,390వ వంతునకు తగ్గి, ఒక టన్ను సుమారు 88 గ్రాములకు దిగును. అనగా నిజమైన రైలునకంటె ఈ బండిపై గాలి పెత్తనము ఇరువదిరెండున్నర రెట్లు హెచ్చు. ఆడిమాసపు గాలికి అమ్మికల్లైనను (నూరుడురాయి) ఎగురునని ఇచటి అరవసామెత; పాలఘాటు కనుమనుండి దూసికొనివచ్చు ఆ గాలిని నమ్మియే ఈ పేట చుట్టును గాలిమరలు వెలసినవి. అట్టి గాలికి ఖాళీ పెట్టెలు గట్టుమీదనుండి వరుసగా దొర్లి, చామంతిమడిలో వెల్లకిల పడును. పెట్టెకొక ఇనుపబిళ్లను అడుగున అతికించుట దీనికి ప్రాయశ్చిత్తము.

గరికయో, అంతకంటె నెమ్మదిది, అంతకంటె మొండిది. వినాయకునికి ప్రీతిపాత్రమగుటచే దానిని నిందింపరాదు; నిందింపకయే పెఱుకవలయును. జానెడు లోతున మట్టి త్రవ్వి, కణుపు కణుపున మొలకెత్తు ఆ వేళ్లను చేతితో ఏరి, ఇటుకముక్కలు దంచి, పైన సన్నని సిమెంటుబాట పోసి, దానిపై పట్టాలను బిగింపక వదులుగా పఱచి, నడుమ కంకర నింపవలయును. నిజమైన దారికి పోయు అయిదు సెంటీమీటర్ల కంకర మన ప్రమాణమున రెండు మిల్లీమీటర్లకు కొంచెము పైబడును. క్రషరు పొడిని జల్లెడ పట్టి, పొడి దిగవిడిచి, జల్లెడలో నిలిచిన రవ్వను గైకొనినచో సరిపోవును. ఇంత చేసినను మొదటి వాన వెలిసిన వారమునాటికి, సిమెంటు అతుకులోనుండి సూదివంటి పచ్చనిమొన యొకటి రెండు స్లీపర్ల నడుమ తల యెత్తును. దానిని చిన్నదని విడిచినవాడు పక్షము గడచునప్పటికి పట్టా మీదికి లేచి విల్లువలె నిలుచుటను చూచును. ‘జంకక’ యనుట ఇంజను ధైర్యమునుగాక, వంగి పెఱకువాని నడుము ధైర్యమును చెప్పుచున్నదని వ్యాఖ్యాత మతము.

శత్రువైన మొక్కను పెఱుకుట సగము పని. మిత్రమైన మొక్కను ఎన్నుకొనుట తక్కిన సగము. ఇందు మోసపోనివాడు లేడు. చెట్టు ఎత్తును కత్తెరతో తగ్గింపవచ్చును, ఆకును తగ్గింపరాదు. ఏడు సెంటీమీటర్ల వేపాకు ఈ లోకమున ఒకటిన్నర మీటరు పొడవైన రెక్క. దానిక్రింద ప్రయాణికుడు వానకు తలదాచుకొనవచ్చును. కుండీల అంగడివారు ‘చిన్నమొక్క’ యని ఇచ్చునవి చిన్నవైన మొక్కలేగాని చిన్నయాకు మొక్కలు కావు. నర్సరీలో ధనము వెచ్చించి తెచ్చినవి విఫలము కాగా, విలువలేక కాళ్లక్రింద నలుగునవి ఆదుకొన్నవి. నేలయుసిరి యను కలుపుమొక్కను ఒకమారు నేలకు చెక్కిలి యానించి చూడుడు: నిటారైన మాను, ఇరుప్రక్కల సమముగా చాచిన కొమ్మలు, కొమ్మ కొమ్మకు చింతాకువలె వరుసదీరిన రేకులు, రేకుల అడుగున ఆవగింజకంటె కొంచెము పెద్దవైన కాయలు. జానెడున్నర మొక్క మన లెక్కకు ఏడెనిమిది మీటర్ల వృక్షమగును. పళని బాటకు ఇరుప్రక్కల నిలిచిన చింతమ్రాకులకు ఇంతకంటె సరియైన ప్రతినిధి దొరకదు. దీనిని ఇతరులు పీకి పారవేయుదురు. అట్లే తొట్టిప్రక్క తేమగోడలపై తనంత మొలచు, బియ్యపుగింజలో సగమంత ఆకుగల మెత్తని మొక్క స్టేషను తోటకు పొదలగును. మరువము కత్తిరింపునకు ఓర్చి కంచెయగును. కుండీలో వేళ్లు కుదించి పెంచిన చింతమొలక పదేండ్లకు నిజమైన వృక్షగాంభీర్యమును పొందును.

కొబ్బరికి మాత్రము ఉపాయము లేదు. పొల్లాచ్చి దాటినది మొదలు ఈ దారి కిటికీలో కనబడునది కొబ్బరియే గదా, అది లేని దృశ్యము ఈ సీమది కానేరదు గదా యని ఆక్షేపింతురు. అంగీకరించితిమి. మా పెరటిలో కొబ్బరిచెట్టు ఉన్నది; కాని దాని ఇరువది మీటర్ల ఎత్తు ఈ రైలులోని ప్రయాణికులకు 450 మీటర్లు, ఈఫిల్ గోపురమునకు మించిన స్తంభము. అందుండి రాలిన కాయ వారికి ఇంటి పరిమాణముగల ఉల్క. అది రాలిన దినమున సమయపట్టిక పాటింపబడదు.

‘గట్టు నెక్కి’: నీలగిరి రైలు, నేటికిని మీటరు గేజియందే నడచునది, 12కు 1 చొప్పున ఎక్కును, కాని దానికి పట్టాల నడుమ పండ్లకమ్మియు ఇంజనున పండ్లచక్రమును గలవు. మా బండికి చక్రమునకు పట్టాకు గల రాపిడియే ఆధారము గనుక 30కి 1 మించనీయలేదు. మిగిలినది స్పష్టము.

పాఠభేదములు

‘తొట్టి దాటి’ యనుచోట మనుమలు ‘తొట్టి దూకి’ యని చదువుదురు. గణములు సరిపోవును, యతికి బాధ లేదు. ఇది లేఖకప్రమాదమని తలచువారికి చెప్పవలసినది ఏమన, ఇది లేఖక ప్రమాదము కాదు, వాహన ప్రమాదము. గత కార్తికమున బండి తొట్టిమీది వంతెనపైనుండి జారి తొట్టిలో మునుగగా, ఆ పాఠమునకు ప్రత్యక్షప్రమాణము కూడ ఏర్పడినది. కవి మాత్రము దీనిని ఆమోదింపలేదు.

నాలవ పాదమున ‘వచ్చుచున్నది’ యనుటకు మారుగా ‘నిలిచియున్నది’ యను వేఱొక పాఠము మా యింటివారిచే ప్రచారము చేయబడుచున్నది. పలుదినములయందు ఇదియే యథార్థస్థితికి సన్నిహితమని వ్యాఖ్యాత కాదనడు. కాని నకారమునకును బకారమునకును యతిమైత్రి లేదు. కావున ఆ పాఠము అగ్రాహ్యము.