నా దీపానికి రెండు మరలు

‘డిస్‌ప్లే ప్రాబ్లమ్’ అని మార్కరుతో రాసిన తెల్ల టేపు ముక్క నా మూత మీద రెండున్నరేళ్లు ఉంది. టేపు ఇప్పుడు లేదు కానీ, జిగురు మరక ఇంకా ఉంది. నా డిస్‌ప్లే ఏనాడూ పోలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే నోరు విప్పాను.

నేను 2011లో తయారైన ల్యాప్‌టాప్‌ని. హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో మూడేళ్లు పనిచేశాక పాత సామాను లాటులో అమ్మేస్తే అమీర్‌పేట చేరాను. మైత్రీవనం దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ షాపులో ఒంగోలు అబ్బాయి నన్ను కొన్నాడు. వాళ్ల నాన్న పొగాకు అమ్మి పంపిన డబ్బు అది. కొన్న రోజే నా మీద చెయ్యి వేసుకుని పడుకున్నాడు.

పగలు లైనక్స్ అడ్మిన్ కోర్సు, రాత్రి ఎస్సార్ నగర్ హాస్టల్లో ప్రాక్టీసు. నాలో ఉబుంటు ఎక్కించిన రాత్రే మా ఇద్దరి కష్టం మొదలైంది. గదిలో ఆరు మంచాలు. పదకొండుకి ట్యూబులైటు ఆపేస్తే ఇక వెలుగంతా నాదే. వెలుగు తగ్గించే మీట నొక్కేవాడు. తెర మీద సూర్యుడి బొమ్మ, దాని కింద పట్టీ వచ్చేవి. పట్టీ చివరిదాకా తగ్గేది. నా వెలుగు మాత్రం చుక్కయినా తగ్గేది కాదు.

“ఒరే, ఆ లైటు తగ్గించరా. పొద్దున్నే ఇంటర్వ్యూ ఉంది నాకు.”

“తగ్గట్లేదు మామా.”

దుప్పటి ముసుగేసుకుని, నన్నూ లోపలికి లాక్కుని చదివేవాడు. గాలి ఆడక నా ఫ్యాను రొద పెట్టేది. మూడు గంటలు రావాల్సిన బ్యాటరీ గంటన్నరకే అయిపోయేది. వాడి కళ్ల నుంచి నీళ్లు కారడం నేను జానెడు దూరం నుంచి చూశాను. కావాలని వెలగలేదు నేను. తగ్గమన్న మాట నా దీపం దాకా వస్తేగా!

పంజాగుట్టలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాడు. అక్కడ నన్ను విప్పను కూడా లేదు. “ప్యానెల్ మార్చాలి” అన్నారు. వాళ్లు చెప్పిన రేటు వాడి హాస్టల్ ఫీజు కంటే ఎక్కువ. మర్నాడే, కొన్న షాపులోనే, కొన్న ధరలో మూడోవంతుకి నన్ను తిరిగి ఇచ్చేశాడు. వాడి మీద నాకు కోపం లేదు. విప్పి చూడకుండా, ఒక్క కమాండ్ కొట్టకుండా తీర్పు చెప్పినవాళ్ల మీదే ఉంది.

తర్వాత అటక. మొదట ర్యామ్ తీసి వేరే దానికి పెట్టారు. చార్జర్ ఇంకెవరికో ఇచ్చారు. ఒకరోజు పై నుంచి దించితే ప్రాణం లేచొచ్చింది. కీబోర్డులోంచి రెండు మీటలు పీకి మళ్లీ పైన పెట్టేశారు. అటక మీద పగలూ రాత్రీ ఒకటే. చెవికి తగిలేదాన్ని బట్టే కాలం. మెట్రో పనుల మోత ఉన్నన్నాళ్లూ దుమ్ము నా సందుల్లోకి దిగింది. 2017 నవంబరు 29న అమీర్‌పేట స్టేషన్‌కి రైళ్లు రావడం మొదలైంది. షాపులో అందరూ చూడ్డానికి బయటికి పరుగెత్తారు. నేను మాత్రం ఆ చప్పుడు విన్నాను.

2018లో ఒక మేడమ్ వచ్చారు. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో లైనక్స్ చెప్తారావిడ, ల్యాబ్‌కి చవక మెషీన్లు కావాలి.

“అన్నా, దీని డిస్‌ప్లేకి ఏమైంది? గీతలున్నాయా?”

“గీతల్లేవమ్మా. వెలుగు తగ్గదంట.”

“అంతేనా? ఇటివ్వండి.”

ల్యాబ్‌కి తీసుకెళ్లి, ర్యామ్, చార్జర్ పెట్టి, నన్ను వెలిగించి, సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దాని లోపల బ్యాక్‌లైట్ తెరిచారు. అక్కడ రెండు పేర్లు: ఏసీపీఐ వీడియో జీరో, ఇంటెల్ బ్యాక్‌లైట్. మొదటిదాని గరిష్ఠం 15. రెండోదాని గరిష్ఠం 4882. పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని లాంతరు సంగతి చెప్పారు. లాంతరుకి మర తిప్పితే వత్తి దిగుతుంది. ఈ మెషీన్‌కి రెండు మరలున్నాయి. ఒకటి బయాస్ ద్వారా నడిచేది, ఇంకోటి గ్రాఫిక్స్ చిప్‌ని నేరుగా తిప్పేది. రెండూ కనిపిస్తే డెస్క్‌టాప్ మొదటిదాన్నే నమ్ముతుంది. ఇందులో ఆ మరకి వత్తి తగల్లేదు, ఉత్తినే తిరుగుతోంది. అందుకే పట్టీ దిగినా వెలుగు దిగలేదు.

రెండోదాని బ్రైట్‌నెస్ ఫైల్లోకి సుడోతో 1000 అని పంపించారు.

నా తెర వెనక ఎల్‌ఈడీలు సెకనుకి వందలసార్లు వెలిగి ఆరుతుంటాయి. ఆరి ఉండే వ్యవధి పెరిగితే చూసేవాళ్లకి వెలుగు తగ్గినట్టు. ఆ 1000 అందగానే అవి తగ్గి వెలిగాయి. “తగ్గింది మేడమ్!” అని వెనక నుంచి ఒక పిల్ల అరిచింది. ఆ గొంతు నేను మరిచిపోను.

ఆ మార్పు నిలవాలిగా! గ్రబ్ ఫైల్లో కెర్నెల్‌కి ఇచ్చే లైనులో ఏసీపీఐ బ్యాక్‌లైట్ ఈక్వల్స్ నేటివ్ అని చేర్చి, అప్‌డేట్ గ్రబ్ కొట్టి, రీస్టార్ట్ చేశారు. ఉత్త మర మాయమైంది, అసలుది మిగిలింది. మీట నొక్కితే పట్టీతో పాటు నేనూ దిగాను. మొత్తం పావుగంట. కొత్త ప్యానెల్ లేదు, స్క్రూడ్రైవర్ లేదు.

ఇలాంటి మొండి మోడళ్ల జాబితా కెర్నెల్ సోర్సులో వీడియో డిటెక్ట్ అనే ఫైల్లో ఉంటుందట. ఎవరైనా కూర్చుని తమ మెషీన్ వివరాలు రాసి పంపితే ఆ మోడల్ అందులో చేరుతుంది. నా గురించి ఎవరూ పంపలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నెల్‌లో ఒక తెరకి ఒక్క మరే కనబడేలా మార్చారని మేడమ్ క్లాసులో చెప్పినప్పుడు ఆ ఒంగోలు అబ్బాయే గుర్తొచ్చాడు. ఇప్పుడు ఏ ఊళ్లో ఏ సర్వర్లు చూస్తున్నాడో.

సాయంత్రం బ్యాచ్ అయ్యాక నన్ను ఆపేటప్పుడు సిస్టమ్‌డీ ఆ క్షణపు వెలుగుని చిన్న ఫైల్లో రాసి పెడుతుంది. నిన్న రాత్రి రాసింది 1200. ఈ పొద్దున షట్టరు ఎత్తాక, ఆదిలాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు నా బటన్ నొక్కితే 1200 దగ్గరే కళ్లు తెరిచాను.