క్యాలెండరు మేకు

మా వీధిగదిలో గోడకి ఓ మేకుంది. ఏటా జనవరి వచ్చేసరికి ఆ ఒక్క మేకు కోసం ఐదారు క్యాలెండర్లు పోటీ పడేవి. బట్టల కొట్టుది, కిరాణా కొట్టుది, మందుల షాపుది, రైసుమిల్లుది, ఎల్‌ఐసీ ఏజెంటుది. ఏది మేకెక్కాలో తేల్చేది మా ఇంటావిడ. ఈ ఏడు పెద్దపండగ, కనుమ, ముక్కనుమ అన్నీ దాటిపోయినా ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఫోనుకి మాత్రం భోగినాడు నేను లేచేసరికి ఇరవై మూడు మెసేజీలొచ్చి కూచున్నాయి. ఒకడు పాత టీవీని భోగిమంటలో వేసేసి తన దగ్గర కొత్తది కొనమంటాడు. ఇంకొకడు నా పేరు తప్పుల్లేకుండా రాసి మరీ "మీ కోసమే" అంటాడు. వాడెవడో నాకు తెలీదు.

మరి ఒళ్ళు మండదా? మండుతుంది. పైగా ఈ విషయంలో సణుక్కునే హక్కు నాకు నలుగురికంటే ఎక్కువే ఉంది. ముప్పై ఏళ్ళు విజయనగరంలో బోర్డులు, గోడలు, గుడ్డ బేనర్లు రాసి బతికినవాణ్ణి.

మా రోజుల్లో దసరాకి నెల ముందునుంచీ చేతికి తీరికుండేది కాదు. గాడాగుడ్డని నాలుగు మూలలా లాగి కట్టి, దారానికి నీలిమందు పొడి రాసి, చెరో కొసా ఇద్దరు పట్టుకుని టప్పుమని కొడితే తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్యే అక్షరాలు. రంగులో జిగురు సరిగ్గా కలవకపోతే దసరా వానకి "శుభాకాంక్షలు" కాస్తా కారి, కింద షావుకారు పేరుమీద పడేవి. అప్పుడు చూడాలి ఆయన శుభాకాంక్షలు నాకెలా చెప్పేవాడో!

గంటస్తంభం దగ్గర ఓ బట్టల కొట్టాయన ఉండేవాడు. నేను రాసిన బేనరుని తను చూసేవాడు కాదు. కొట్లో కళాసీని పిలిచి, "ఆగకుండా ఎల్లరా. ఎల్తా ఎల్తా ఏటి రాసుందో సదువు" అనేవాడు. వాడు నడక ఆపితే బేనరు తప్పినట్టే. మళ్ళీ రాయాలి, డబ్బులు మాత్రం ఒకసారికే. అలా మూడు బేనర్లు పోగొట్టుకున్నాక నా బుర్రకెక్కింది. కొత్తగా ఏం దిగింది, కొట్టు ఎక్కడుంది, ఎప్పటిదాకా ఇస్తారు. ఈ మూడు ముక్కలు దాటి నాలుగోది రాస్తే ఆ నాలుగోది మిగతా మూడింటినీ తినేస్తుంది. ఇదే పాఠాన్ని ఇప్పుడు హైదరాబాదులో అద్దాలమేడలో కూచోబెట్టి, ఫీజు కట్టించుకుని చెబుతున్నారట. ఆ మాట నాతో చెప్పినవాడు మా మనవడు. డిజిటల్ మార్కెటింగ్ అనే ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కొచ్చాడు గానీ ఫోను వదల్లేదు.

"తాతా, ఇది చూడు" అని ఓ ప్రకటన చూపించాడు. 2021 దీపావళికి క్యాడ్‌బరీ వాళ్ళు తీసింది. షారుక్ ఖాన్ వచ్చి, ఫలానా చోట ఫలానా కొట్లో బట్టలు కొనుక్కోండి, ఫలానా కొట్లో చెప్పులు కొనుక్కోండి అంటాడు. కరోనాతో దెబ్బతిన్న చిన్న కొట్లకి ఆసరాగా ఉంటుందని ఆ ఏర్పాటు. అసలు కిటుకు ఆ వెనకాల ఉంది. ఏ చిన్న దుకాణదారుడైనా వాళ్ళ వెబ్‌సైటులో తన కొట్టు పేరిస్తే, కంప్యూటరు షారుక్ మొహాన్నీ గొంతునీ మలిచి, ఆ పేరు అతనే పలికినట్టుగా ప్రకటన తయారుచేసి ఇచ్చేది. మరుసటేడు కాన్స్ ప్రకటనల పోటీల్లో దానికి టైటానియం లయన్ బహుమతి కూడా ఇచ్చారు. "ప్రపంచంలోనే ఇలాంటి ఐడియా ఎవరికీ రాలేదు తాతా" అన్నాడు.

"ఓరి గుంటడా, ఇది శివకాశీ క్యాలెండర్రా!" అన్నాను.

వాడికి బోధపడలేదు. చెప్పాల్సి వచ్చింది. శివకాశీలో లక్ష్మీదేవి బొమ్మ ఒకటే గుట్టలుగుట్టలుగా అచ్చేసేవారు. అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున ఖాళీ వదిలేవారు. ఏజెంటు ఆ బొమ్మల ఆల్బం చంకన పెట్టుకుని నరసన్నపేట, పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం తిరిగి ఆర్డర్లు పట్టేవాడు. ఆ ఖాళీలో ఒక ఊళ్ళో ఒక కొట్టు పేరు, ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు పేరు. లక్ష్మీదేవి మాత్రం ఒక్కతే. చిన్న షావుకారు తన జన్మలో అంత మంచి బొమ్మ గీయించుకోలేడు, అచ్చేయించుకోలేడు. అందరికీ కలిపి ఒక పెద్ద మొహం, కింద ఎవరి పేరు వాళ్ళది. షారుక్ ఖాన్ చేసింది మా లక్ష్మీదేవి ఉద్యోగమే. కంప్యూటరు ఒకటి కొత్త.

అలాగని ఆ ప్రకటనని తీసిపారెయ్యను. బాగుంది కాబట్టే పాతదని పట్టుకున్నాను.

క్యాలెండర్లో ఇంకో సంగతుంది. మా ఇంటావిడ దానిమీద పాల లెక్క రాసేది, గ్యాసుబండ మార్చిన తేదీ రాసేది, ఎదురింటి అమ్మాయికి నెలలు నిండే రోజు చుట్టూ సున్నా చుట్టేది. ఏడాదికి 365 రోజులూ ఆ కొట్టు పేరు మా కంటపడేది, ఒక్కనాడూ విసుగనిపించలేదు. ఎందుకంటే అది తిథి, వర్జ్యం, రాహుకాలం చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చింది. చుట్టపుచూపుగా వచ్చేవాడు అరటిపళ్ళ అత్తమైనా తెస్తాడు కదా! తెచ్చినవాడికి పీట వేస్తాం. ఇప్పుడొచ్చే మెసేజీ చెయ్యి చాపుకునే వస్తుంది, దానికి పీటెవరు వేస్తారు?

ఇలా ముందు చేతిలో ఏదో పెట్టి పేరు చెప్పుకోవడం మా ఊరి షావుకార్లు కనిపెట్టిన విద్య కూడా కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారు. తర్వాత ఆంధ్రపత్రిక నడుపుతూ 1910 నుంచి ఉగాదికి ప్రత్యేక సంచికలు వేశారు. పండగపూట చదువుకోడానికి తెలుగువాడికి దిట్టంగా ఏదో ఇచ్చి, ఆ పక్కన ప్రకటనలు పెట్టారు. జనం వాటిని బైండు చేయించి దాచుకున్నారు. ప్రకటనలతో సహా దాచుకున్నారు. నా ఫోనులో భోగి మెసేజీని ఎవరు బైండు చేయిస్తారు?

చెంపలేసుకుని ఇంకో మాట చెబుతాను. మా ఊళ్ళో పండక్కి జనాన్ని రప్పించడం అందరికంటే బాగా తెలిసింది మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మకే. పూజారి కలలో కనబడి, జాతరనాడు అతను కూచుని ఊరేగే సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో చెబుతుంది. ఇక జిల్లా అంతా ఒకటే మాట. ఏ ఊరట? ఎవరి కళ్ళమట? చెట్టు దొరికిందట, కొట్టారట, హుకుంపేట తెచ్చారట, చెక్కుతున్నారట. విజయదశమి వెళ్ళాక సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి రైతులకి విత్తనాలు పంచుతారు, వాళ్ళు పట్టుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. అంతకంటే మంచి శాంపిలు ఏ కంపెనీ పంచింది? చేతిలో పెట్టింది పొలంలో మొలుస్తుంది. మర్నాడు మంగళవారం సిరిమాను మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలిరథం, తెల్లఏనుగు, జాలరివల. ఒక్క పోస్టరు అక్కర్లేకుండా జనం లక్షల్లో వస్తారు. రోజుకో కబురు చొప్పున ఊరించి ఊరించి రప్పించడమంటే అది.

2014లో తమాషా జరిగింది. అక్టోబరు 6, సోమవారం, మా తొలేళ్ళు. సరిగ్గా ఆ రోజే ఫ్లిప్‌కార్ట్ వాళ్ళు దేశమంతటికీ మొట్టమొదటి బిగ్ బిలియన్ డే అమ్మకాలు పెట్టారు. వచ్చిన తాకిడికి వాళ్ళ సైటు తట్టుకోలేకపోయింది. మర్నాడు, అంటే మా సిరిమాను నాడు, క్షమాపణలు చెప్పుకున్నారు. మూడు లాంతర్ల దగ్గర ఎంత తొక్కిడైనా అమ్మవారు మాత్రం "కాసేపాగి ప్రయత్నించండి" అనలేదు.

ఇప్పుడా సిరిమాను తిరిగే దారి చూడండి. అటూ ఇటూ ఫ్లెక్సీలు. నాయకుడు నిలువెత్తు, అనుచరులు వరసగా, వాళ్ళ కింద వాళ్ళ పిల్లలు, ఓ మూల తపాలాబిళ్ళంత అమ్మవారు. క్యాలెండర్లో దేవత పెద్దది, కొట్టు చిన్నది. ఫ్లెక్సీలో అది తిరగబడింది. నా సణుగుడంతా ఈ ఒక్క ముక్కే.

అక్షయ తృతీయ సంగతే తీసుకోండి. మా రోజుల్లో ఆ నాడు ఉత్తరాంధ్రలో ఎవర్నడిగినా సింహాచలం చందనోత్సవం అనేవారు. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే అప్పన్న ఆ ఒక్కరోజే నిజరూపంతో కనబడతాడు. దానికోసం రాత్రంతా క్యూలో నిలబడేవాళ్ళం. బంగారం మాటే ఎరగం. ఇప్పుడు నెల ముందునుంచీ టీవీలో నగల కొట్లవాళ్ళ ఊదర. ఆ రోజు గ్రామైనా కొనకపోతే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందట. దేవుడు పూత తీసేసే రోజున మనల్ని పూత వేసుకోమంటున్నారు. తెలివైన ప్రచారమే, కాదనను. ఉన్న పండగ పక్కన నిలబడకుండా దాని పీటమీదే కూచుంది.

మనవడు ఊరుకోలేదు. జపాన్‌లో 1974లో కేఎఫ్‌సీ వాళ్ళు క్రిస్మస్‌కి కోడి తినమని ప్రచారం చేస్తే, అదే అక్కడ ఆనవాయితీ అయిపోయిందన్నాడు. "ఒరే, కనుమనాడు కోడి తినమని మీ అమ్మమ్మకి ఎవడైనా ప్రకటన వేశాడేట్రా?" అన్నాను. వంటింట్లోంచి, "కోడి తెచ్చినోడు కోసీసి ఇస్తే బాగుండు, కబుర్లు కాదు" అని వినిపించింది. ఆ చర్చ అక్కడితో ఆగింది.

టీవీ సంక్రాంతి ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎప్పుడూ కోనసీమే. కాలవగట్టు, కొబ్బరిచెట్లు, మండువా లోగిలి, పట్టుబట్టల్లో ముప్పైమంది. మా శ్రీకాకుళం వైపు పండగ ఎలా ఉంటుందో చూడాలంటే భోగి ముందురోజు ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి రావాలి. చెన్నై నుంచీ, హైదరాబాదు నుంచీ కూలిపని చేసుకునేవాళ్ళు జనరల్ బోగీల్లో ఒంటికాలిమీద నిలబడి వస్తారు. ఓ చేతిలో సంచి, ఓ చేతిలో పిల్లకి గౌను. ఆ పిల్ల నాన్నని ఆనవాలు పట్టలేక వాళ్ళమ్మ వెనక్కి పోతుంది. అతను గౌను తీసి చూపిస్తాడు, అప్పుడొస్తుంది దగ్గరికి. ఆ గౌను మీద ఏ కంపెనీ పేరున్నా నేను జన్మలో మర్చిపోను. ఈ బొమ్మ ఇంతవరకూ ఏ ప్రకటనలోనూ చూడలేదు. తీసేవాళ్ళు ఆ రైలెక్కలేదు మరి.

దూరాన్నుంచి ప్రకటన చేసేవాడికి ఊరి మొహం కనబడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అటువైపున్న మా చెల్లెలు ఎలా ఉందోనని నేను ఫోను పట్టుకు కూచుంటే, వచ్చిన మెసేజీ ఏమిటి? ఈ దసరాకి మా పెద్ద టీవీతో మీ ఇంట వెలుగులు నింపుకోండి! పంపిన కంపెనీ పేరెందుకు గానీ, పంపిన మిషనుకి తుపానంటే తెలీదు. మా గంటస్తంభం షావుకారైతే ఆ వారం మైకు కట్టించేవాడు కాదు, పాత ఖాతాల ఊసెత్తేవాడు కాదు. దుప్పట్లు మాత్రం కొట్టు ముందర పెట్టించేవాడు.

మా రోజుల్లో అందరూ హరిశ్చంద్రులేమీ కాదు. "పండగ తగ్గింపు" అని నాచేత రాయించి, అంతకు ముందురోజు రాత్రే చీరల మీద ధర చీటీలు మార్చినవాళ్ళున్నారు. ఆ చీటీలు కూడా నేనే రాశాను, పావలా ఎక్కువిచ్చారు. అడక్కుండా ఓ పెద్దమనిషి ప్రహరీ మీద సబ్బు ప్రకటన రాసి తిట్లు తిన్నాను. క్యాలెండరైనా అందరికీ ఇచ్చేవారా? ఖాతా ఉన్నవాడికే. పేదవాడు అడిగితే "అయిపోనాయి" అనేవారు, బల్ల కింద చుట్టలు ఉండగానే. మనవడు ఇదంతా విని, "అయితే మీ రోజులూ ఇంతేగా తాతా" అన్నాడు. "ఇంతే. కానీ మా అబద్ధం చెప్పినవాడు ఎక్కడుంటాడో తెలుసు. పండగ వెళ్ళాక కొట్టుముందు నిలబడి అడగొచ్చు" అన్నాను. వాడు దానికి బదులు చెప్పలేదు.

నా బతుకు మింగిన ఫ్లెక్సీ సంగతీ చెప్పి ముగిస్తాను. 2022 ఆగస్టులో విశాఖపట్నంలోనే అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామన్నారు, గుడ్డ బేనర్లు వాడుకోమన్నారు. ఆ మాట విన్న సాయంత్రమే అటకమీంచి కుంచెలు దింపాను. జుట్టంతా ఎండి చీపుళ్ళయిపోయాయి. కిరసనాయిల్లో నానబెట్టాను. ఫ్లెక్సీలు ఊళ్ళో వేలాడుతూనే ఉన్నాయి, నా కుంచెలు నానుతూనే ఉన్నాయి.

ముక్కనుమ మర్నాడు మా ఇంటావిడ బజారుకెళ్ళి క్యాలెండరు కొనుక్కొచ్చింది. డబ్బులిచ్చి! పూర్వం కొట్టువాడు బతిమాలి ఇచ్చినదాన్ని ఇప్పుడు మేం కొనుక్కుని మేకుకి తగిలించాం. లక్ష్మీదేవి అదే నవ్వు నవ్వుతోంది. అడుగున నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ, ఎవరి పేరూ లేదు. నా చెయ్యి ఊరుకుంటుందా? కిరసనాయిల్లోంచి సన్న కుంచె తీసి, తుడిచి, నాపేరు రాద్దామా, ఆ గంటస్తంభం కొట్టు పేరు రాద్దామా అని ఆలోచిస్తూ దగ్గరికెళ్ళాను.

అప్పటికే అక్కడ బాల్‌పెన్నుతో పాలవాడి ఫోను నెంబరు రాసుంది. దూరాన్నుంచి, నడుస్తూ కూడా చదవచ్చు.